‘కార్నాట్’ వాళ్ళ నాన్నని వెతుక్కుంటూ

కాకినాడ వచ్చి ఐదు రోజులైంది. సూట్‌కేసు ఇంకా హాల్లోనే ఉంది, మా ఆవిడ రోజూ దాన్ని దాటుకుంటూ నన్నో చూపు చూస్తోంది. సర్దడం రేపు కూడా అవుతుంది, మర్చిపోకముందే ఇది రాసేయాలి.

ముప్ఫై ఏళ్ళకి పైగా పాలిటెక్నిక్ పిల్లలకి థర్మోడైనమిక్స్ చెప్పాను. ఏటా జులైలో బోర్డు మీద నాలుగు గీతలు గీసి ‘కార్నాట్ సైకిల్’ అనేవాణ్ణి, వేడి నుంచి ఎంత పని రాబట్టొచ్చో చెప్పే లెక్క అది. ఆ కార్నాట్ ఎవరో, ఏ ఊరివాడో ఒక్క పిల్లాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. అమ్మాయి దగ్గరికి పారిస్ వెళ్ళాక మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర ఆ పేరెత్తితే అల్లుడు మొహమాటపడుతూ, “కార్నో అనాలి మావయ్యగారూ, చివరి టీ పలకరు” అన్నాడు. అంటే సర్వీసంతా తప్పు పలికాను. పైగా, “ఇక్కడ వీధులకీ స్కూళ్ళకీ ఉన్న కార్నో పేరు మీవాడిది కాదు, చాలావాటికి వాళ్ళ నాన్నదో, ఆ తర్వాత ప్రెసిడెంటయిన మనవడిదో” అన్నాడు. దాంతో నా యాత్ర దారి మారిపోయింది. ఈఫిల్ టవర్ కింద ఒక ఫొటో దిగి, మిగిలిన రోజులన్నీ ఆ నాన్నకే ఇచ్చాను. పేరు లజార్ కార్నో, ఫ్రెంచి విప్లవకాలంలో సైన్యాల్ని నడిపిన ఇంజనీరు.

మే 11, పారిస్

పాంథియోన్ అంటే ఫ్రాన్సు తన గొప్పవాళ్ళ సమాధులు ఉంచుకున్న భవనం. టిక్కెట్టు మనిషికి పదమూడు యూరోలు పడింది. మా ఆవిడ వెంటనే తొంభైతో గుణించి, “సమాధులు చూడ్డానికి ఇద్దరికీ రెండు వేల మూడొందలా?” అంది. లోపల గోపురం కింద ఫూకో లోలకం ఊగుతోంది. భూమి తిరుగుతోందని 1851లో ఆయన అక్కడే జనానికి చూపించాడు. దాని ముందు నేను పావుగంట నిలబడిపోయాను, ఆవిడ ఒక స్తంభానికి ఆనుకుని చెప్పులు విప్పి కాళ్ళు నొక్కుకుంది.

కింద నేలమాళిగ చల్లగా ఉంది. వాల్టేర్, రూసో ఎదురెదురుగా ఉన్నారు, బతికుండగా పడనివాళ్ళు. మేరీ క్యూరీ దగ్గర స్కూలు పిల్లలు గుంపుగా నిలబడ్డారు. మా లజార్ కార్నో ఉన్నవైపు ఎవరూ లేరు. ఆయన చనిపోయింది ఇక్కడ కాదు. 1823 ఆగస్టు 2న, జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో, దేశబహిష్కారంలో. విప్లవంలో రాజుని చంపడానికి ఓటేసినవాళ్ళలో ఈయనా ఒకడు, వాళ్ళని తిరిగొచ్చిన రాజవంశం తరిమేసింది. విప్లవానికి నూరేళ్ళు నిండిన 1889లో ఎముకలు తెచ్చి ఇక్కడ పెట్టారు. అప్పుడు దేశాధ్యక్షుడు ఎవరనుకున్నారు? ఆయన మనవడే, సాదీ కార్నో. ఐదేళ్ళకి ఆ మనవణ్ణి లియోన్‌లో ఒకడు కత్తితో పొడిచి చంపితే, అతన్నీ తెచ్చి తాత దగ్గరే ఉంచారు.

మరి నా కార్నో? వేడినీ పనినీ లెక్కగట్టినవాడు ఈ లజార్‌ పెద్దకొడుకు. అతని పేరూ సాదీయే. పారశీక కవి సాదీ అంటే తండ్రికి ఇష్టమట. 1832లో కలరా ఊరిమీద పడ్డ రోజుల్లో ముప్ఫై ఆరేళ్ళకే పోయాడు. అతన్ని పాంథియోన్‌కి తేలేదు. ప్రెసిడెంటుకి ఇక్కడ చోటుంది, కార్నో సైకిల్‌కి లేదు. కొంచెం కోపం వచ్చింది.

బయటికొచ్చి లక్సెంబర్గ్ తోటకి నడిచాం, దగ్గరే. అక్కడి ప్యాలెస్‌లోనే 1796లో సాదీ పుట్టాడు. అప్పుడు తండ్రి దేశాన్నేలే ఐదుగురు డైరెక్టర్లలో ఒకడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో తోటి డైరెక్టర్లే సైన్యాన్ని తెచ్చి కుట్ర చేస్తే, రాత్రికి రాత్రి ఈ తోటలోంచే తప్పించుకుని స్విట్జర్లాండు దారి పట్టాడు. మేం కూర్చున్న ఆకుపచ్చ ఇనప కుర్చీల దగ్గర ఒక ముసలాయన పావురాలకి బ్రెడ్డు ముక్కలు వేస్తున్నాడు. కుర్చీలకి డబ్బులు అడగలేదు. మా ఆవిడ మొదటిసారి పారిస్‌ని మెచ్చుకుంది.

మే 12, బోన్

బర్గండీ ప్రాంతం. ఇక్కడ రెండు విషయాలు నేర్చుకున్నాం. ఒకటి: కొట్లోకి అడుగుపెట్టగానే ‘బోఁజూర్’ అనాలి. అనకుండా నేరుగా “ఇదెంత?” అంటే మనం అక్కడ లేనట్టే ఉంటారు. బ్రెడ్డు కొట్టావిడ మా ఆవిడతో అలాగే చేసింది. వెనకున్నతను నెమ్మదిగా చెబితే, మా ఆవిడ గట్టిగా “బోఁజూర్ అండీ!” అంది. ఆ ‘అండీ’కి కొట్టావిడ మొహం విచ్చుకుంది. రెండు: గూజేర్ అని చీజు కలిపిన పిండితో చేసి ఓవెన్‌లో పొంగించే పుణుకుల్లాంటివి ఉంటాయి. గుడ్డు పడుతుందని తెలిసి మా ఆవిడ ముట్టలేదు, కాబట్టి ఆరూ నావే. ఆవిడకి ఆవముద్ద దొరికింది. దాన్ని చెంచా కొసతో నాకి, ముక్కు పట్టుకుని, “పనసపొట్టులో వేస్తే ఎలా ఉంటుందో!” అంది. రెండు సీసాలు సూట్‌కేసులోనే ఉన్నాయి. అందుకే అది సర్దాలి.

మే 13, నొలే

తేదీ చూసే పెట్టుకున్నాను. లజార్ కార్నో పుట్టింది 1753 మే 13న, ఈ నొలే ఊళ్ళో, ఒక ప్లీడరు గారింట. ఇంకెవరికైనా గుర్తుంటుందేమో అనుకున్నాను. ఒక పూలదండా లేదు. పుట్టిల్లు ఉంది, గోడకి ఫలకం ఉంది, ఎదురుగా కంచు విగ్రహం ఉంది. విగ్రహం చుట్టూ కార్లు పెట్టుకున్నారు.

ఈ ఊళ్ళో చూడాల్సింది విగ్రహం కాదు, పద్నాలుగో శతాబ్దపు సంత పాక. పాక అంటే తాటాకు పాక కాదు. కొయ్య స్తంభాలు, వాటిమీద తలపండిన దూలాలు, వాటిమీద పెంకుల బదులు రాతి పలకలు. కడప బండల్ని చిన్న ముక్కలుగా కొట్టి చేప పొలుసుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పేర్చితే ఎలా ఉంటుందో అలా. అంత బరువు ఆరొందల ఏళ్ళకి పైగా ఆ కొయ్య మోస్తోంది. నేను కింద నిలబడి ఏ దూలం ఏ స్తంభానికి ఎంత తోస్తోందో లెక్క చూసుకుంటూ ఉండిపోయాను. ఈ పాక కింద ఆడుకున్న పిల్లాడు పెద్దయ్యాక యంత్రాల మీద పుస్తకం రాశాడంటే నాకేం ఆశ్చర్యం లేదు.

ఆ పుస్తకం సంగతి ఒక్క మాట, మెకానికల్ వాళ్ళు కానివాళ్ళు దాటేయొచ్చు. 1783లో, ఇంకా సైన్యంలో ఇంజనీరుగా ఉన్నప్పుడు, లజార్ చెప్పిందేమిటంటే: యంత్రంలో ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ పని వృథా అవుతుంది. నీటిచక్రం మీద నీళ్ళు ఢీకొట్టకుండా దిగాలి, దిగాక వేగం మిగుల్చుకోకుండా పోవాలి. నలభై ఏళ్ళ తర్వాత, 1824లో, కొడుకు ఆవిరియంత్రం గురించి చెప్పిందీ అదే తీరు. వేడి కూడా ఎత్తునుంచి పల్లానికి నీళ్ళు దిగినట్టు దిగుతుంది, మధ్యలో ఉష్ణోగ్రతల తేడా ఊరికే పోకూడదు. తండ్రి పోయిన మరుసటి ఏడాది వచ్చింది ఆ పుస్తకం. నేను బోర్డు మీద గీసిన నాలుగు గీతల వెనక ఒక నీటిచక్రం ఉందని, దాని వెనక ఒక నాన్న ఉన్నాడని రిటైరయ్యాక తెలిసింది.

ఆకలేసింది. సోమవారం కదా, మాకు కనిపించిన హోటళ్ళన్నీ మూత. ‘ఊరి చివర ఒకటి తెరిచి ఉంటుంద’ని ఒకావిడ చేత్తో చూపించింది. ఆ చెయ్యి ఎడమకి అన్నదో కుడికి అన్నదో మేమిద్దరం ఒప్పుకోలేకపోయాం. నా మాట నెగ్గింది, దారి తప్పింది. నలభై నిమిషాలు ద్రాక్షతోటల మధ్య ఎక్కాం. తోటలో పనిచేస్తున్న ఒకతను ట్రాక్టరు ఆపి, మా ఆవిడ చీర చూసి, “ఇండియా?” అని, బండి మీంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చాడు. నేను “కార్నో” అని విగ్రహం వైపు చూపిస్తే, “ఓ, ప్రెసిడెంటు!” అన్నాడు. కాదు, తాత అని చెప్పేంత ఫ్రెంచి నాకు రాదు.

చివరికి మళ్ళీ సంత పాక కిందే కూలబడ్డాం. తెచ్చుకున్న చపాతీలు, ఆవకాయ తీశాం. తింటూ మా ఆవిడ, “ఇంతకీ ఈయన మంచివాడా, చెడ్డవాడా?” అంది. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో ఆవిడ ప్రతి మనిషి గురించీ మొదట అడిగేది ఇదే.

చెప్పాను. 1793 ఆగస్టులో ఫ్రాన్సు చుట్టూ శత్రువులు. ప్రజా సంరక్షణ కమిటీలోకి ఈయన్ని తీసుకున్నారు, రోబెస్పియర్‌ ఉన్న కమిటీ అదే. వీళ్ళిద్దరికీ ఆరాస్ ఊళ్ళో కవిత్వాలు చదువుకునే సంఘంలో పాత పరిచయం. దేశంలో పెళ్ళికాని కుర్రాళ్ళందర్నీ సైన్యంలోకి పిలిచారు. పధ్నాలుగు సైన్యాలకి తిండి, తుపాకులు, బూట్లు, పటాలు, ఉత్తర్వులు, అన్నీ చూసిన ఈయన హోదా అప్పటికి ఉత్త కెప్టెన్. పగలూ రాత్రీ కాగితాల మీదే ఉండేవాడు. మరుసటి ఏడాదికి దాదాపు ఏడున్నర లక్షలమంది సైన్యం తయారైంది. అంతవరకూ సరే. అదే బల్ల మీద ఇంకో రకం కాగితాలూ తిరిగేవి, అరెస్టు వారంట్లు. పని పంచుకున్నారు కాబట్టి ఒకరి కాగితం మీద మిగిలినవాళ్ళు చూడకుండా సంతకం పెట్టడం రివాజు. తాను రోజూ భోంచేసే హోటలు యజమానిని అరెస్టు చేసే కాగితం మీద కూడా తెలియకుండా సంతకం పెట్టానని కార్నో తర్వాత చెప్పుకున్నాడు. విప్లవ నాయకుల్లోనే ఒకడైన డాంటన్‌ని పట్టుకోమన్న కాగితం మీదా ఆయన సంతకం ఉంది. వారం తిరక్కుండా డాంటన్ తల తెగింది.

“అందరూ పెట్టారా?”

“లాందే అని ఒకాయన పెట్టలేదు. తిండిగింజల సంగతి చూసేవాడు. నేనున్నది జనానికి తిండి పెట్టడానికి, చంపడానికి కాదన్నాట్ట.”

“ఆయన్నేం చేశారు?”

“ఏమీ చెయ్యలేదు.”

ఆవిడ చపాతీ తుంచుతూ, “అయితే పెట్టకుండా ఉండొచ్చన్నమాట” అంది.

నాకు ముద్ద దిగలేదు. నేను పనిచేసిన చోటు పేరెందుకులెండి, ఒక మార్చి నెలాఖరున లేబొరేటరీ స్టాకు రిజిస్టర్లో రెండు ప్రెషర్ గేజీలు, ఒక కేలరీమీటరు ‘ఉన్నవి’ అని సంతకం పెట్టాను. బీరువా తెరిచి చూడలేదు. అందరూ పెట్టారు, ఆడిట్ అయిపోవాలి. లేనివాటికి తర్వాత జవాబు చెప్పుకున్నది మా స్టోర్‌కీపరు. అతనికి రెండు ఇంక్రిమెంట్లు ఆగాయి, నాకేం కాలేదు. ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాతి పలకల కింద చెప్పాను. మా ఆవిడ ఆవకాయ డబ్బా మూత బిగించి, “ఆయన ఆడపిల్ల పెళ్ళికి కూడా మనం వెళ్ళలేదు” అంది. అంతకంటే ఏమీ అనలేదు. బస్సు సాయంత్రానికి గానీ రాలేదు.

మే 15, మోబెజ్, వాటిన్యీ

ఉత్తరానికి వచ్చేసరికి వాన. ఇళ్ళన్నీ ఎర్ర ఇటుక, గుమ్మాలకీ కిటికీలకీ నీలం రాయి. మోబెజ్ పాత ఊరు 1940 మేలో బాంబులకి కాలిపోతే మళ్ళీ కట్టారు. పాతకాలపు కోటల ఇంజనీరు వోబాన్ కట్టిన కోటగోడ మాత్రం ఉత్తరం వైపు నిలిచి ఉంది, మోన్స్ ద్వారం అంటారు. ఆ వోబాన్‌ని పొగుడుతూ రాసిన వ్యాసానికే కార్నోకి 1784లో దిజోన్ అకాడమీ బహుమతి ఇచ్చింది. కుర్రతనంలో ఎవరి కోటల్ని మెచ్చుకున్నాడో, తొమ్మిదేళ్ళకి ఆ కోటనే విడిపించడానికి రావాల్సొచ్చింది.

ఇక్కడి తిండి గురించి చెప్పకపోతే పాపం. మారోయల్ అని పక్క పల్లెల చీజు, దాంతో చేసే రొట్టె ఫ్లామిష్. బల్ల మీదికి రాకముందే వాసన వచ్చింది. ఉప్పాడ రేవులో ఎండుచేపలు ఆరేసిన వీధిలోకి గాలి మళ్ళినట్టు. మా ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుంది. నేను మొదటి ముక్క ఊపిరి బిగబట్టి నోట్లో పెట్టుకున్నాను. నాలిక మీద ఆ వాసన లేదు, వేడి మీగడ, కాస్త ఉప్పు, అడుగున కరకరలాడే పిండి. పన్నెండు యూరోలు, మొత్తం తిన్నాను. ఆ రాత్రి నా కోటు బాల్కనీలో పడుకుంది.

వాటిన్యీకి బస్సు దొరక్క టాక్సీ మాట్లాడుకున్నాం, రానూపోనూ నలభై ఐదు యూరోలు. డ్రైవరు అల్జీరియా కుటుంబంవాడు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. “అక్కడేముంది? ఆవులు” అన్నాడు. నిజమే. పచ్చిక, ముళ్ళకంచెలు, ఆవులు, ఎత్తుమీద చిన్న పల్లె. పేరు మాత్రం ‘వాటిన్యీ లా విక్త్వార్’, అంటే విజయపు వాటిన్యీ.

1793 అక్టోబరు 15న మోబెజ్‌ని చుట్టుముట్టిన ఆస్ట్రియా సైన్యం మీద జనరల్ జూర్దాన్ దాడి చేశాడు. పారిస్ నుంచి కార్నో కూడా వచ్చి పక్కనే ఉన్నాడు. మొదటిరోజు దెబ్బతిన్నారు. రాత్రికి రాత్రి బలగాన్ని ఈ ఎత్తు వైపు మళ్ళించారు. ఫ్రెంచివాళ్ళు రెట్టింపుమంది ఉన్నారన్నది కూడా చెప్పాలి, అది తెలిస్తే వీరగాథ కొంచెం పలచబడుతుంది. పదహారో తేదీన వెనక్కి తగ్గిన ఒక సేనాపతిని సైనికుల ముందే పదవి ఊడబీకి, కార్నో తనే కాలినడకన ముందు నడిచాడు. ఈ బురదలోనే. సరిగ్గా అదే రోజు పారిస్‌లో రాణి మేరీ ఆంత్వానెత్‌ని గిలటిన్ ఎక్కించారు.

నా బూటు బురదలో దిగబడి, లాగితే కాలొచ్చింది గానీ బూటు రాలేదు. డ్రైవరు సిగరెట్టు పారేసి వచ్చి దాన్ని పీకి ఇచ్చాడు. సీటు ముందు కింద పాత పేపర్లు పరిచి, వాటిమీద కాళ్ళు పెట్టమన్నాడు. దిగేటప్పుడు ఐదు యూరోలు ఎక్కువిస్తే తీసుకోలేదు. “మీరు మా ఊరి ఆవుల్ని చూడ్డానికి అంతదూరం నుంచి వచ్చారు” అన్నాడు.

మే 17, ఆంట్వెర్ప్

బెల్జియం. స్టేషను గుడిలా ఉంది, అంతకంటే చెప్పను, ఫొటోలు అందరి దగ్గరా ఉన్నాయి. స్టేషను పక్క వీధుల్లో వజ్రాల వ్యాపారం, గుజరాతీ మాటలు వినిపించాయి. ఇటు జూ పక్కనుంచి వెళితే వస్తుంది కార్నోస్ట్రాట్, అంటే కార్నో వీధి.

ఒక ఊరు తనని ఏలడానికి వచ్చిన పరాయి సేనానికి వీధి ఇచ్చిందంటే కారణం ఉండాలి. కార్నో నెపోలియన్‌కి దణ్ణం పెట్టిన మనిషి కాదు. 1804లో చక్రవర్తి పదవి వద్దని ట్రిబ్యునేట్ సభలో లేచి మాట్లాడింది ఈయనొక్కడే. తర్వాత పదవులు లేకుండా లెక్కల పుస్తకాలు రాసుకుంటూ కూర్చున్నాడు. 1814 జనవరిలో, నెపోలియన్ ఓడిపోతున్నప్పుడు, అరవై ఏళ్ళ వయసులో, ‘నా సేవ కావాలంటే తీసుకో’ అని ఉత్తరం రాశాడు. గెలుస్తున్నప్పుడు దూరంగా ఉండి, మునుగుతున్నప్పుడు వచ్చాడు. ఆంట్వెర్ప్ కోట అప్పగించారు. జనరల్ హోదా వచ్చింది అప్పుడే. ముట్టడి కాలంలో కోటగోడ బయటి పేటల్ని కూలగొట్టడం యుద్ధనీతి, శత్రువు వాటిచాటున దాక్కోకుండా. బోర్గర్‌హౌట్ పేటనీ కూలగొట్టాల్సింది. ఈయన కూలగొట్టలేదు, ఇళ్ళు వదిలేసి కోటని కాపాడే దారి చూసుకున్నాడు.

ఆ వీధి అలా సాగి బోర్గర్‌హౌట్‌లోకే వెళుతుంది. మొరాకో రొట్టె కొట్లు, ఆఫ్రికా వాళ్ళ జడలల్లే సెలూన్లు, ఫోన్లు బాగుచేసేవాళ్ళు, పెళ్ళిబట్టలు. ఒక సెలూన్ ముందు కూర్చున్న కుర్రాణ్ణి “కార్నో ఎవరు?” అనడిగితే, ఫోనులోంచి తలెత్తి, “నెంబరెంత?” అన్నాడు. ఇంటి నెంబరు అడుగుతున్నాడు. మా ఆవిడ ఆపకుండా నవ్వింది. కాగితం పొట్లంలో బంగాళదుంప వేపుడు, నాలుగున్నర యూరోలు, ఇద్దరికి సరిపోయింది.

“ఈయనకి ఇక్కడ కాగితం రాలేదా, కూలగొట్టమని?” అంది నడుస్తూ.

“రివాజు ప్రకారం కూలగొట్టాలి.”

“అయితే ఈసారి రివాజని చూడకుండా సంతకం పెట్టలేదన్నమాట” అంది.

ఆవిడకి ఒక ఆసియా సరుకుల కొట్టు కనిపించింది. లోపలికి వెళ్ళి, ముందు “బోఁజూర్ అండీ” అని, అక్కడ మాట్లాడేది ఫ్రెంచి కాదని గుర్తొచ్చి నాలిక కరుచుకుని, కరివేపాకు చిన్న ప్యాకెట్టు కొంది. రెండు యూరోలు. పది రెమ్మలకి నూట ఎనభై రూపాయలని బయటికొచ్చేదాకా గుణించలేదు. బిల్లు నేను జేబులో పెట్టుకున్నాను, పైన అచ్చులో కార్నోస్ట్రాట్ అని ఉంది. పారిస్ చేరేసరికి కరివేపాకు నల్లబడింది. అయినా మర్నాడు అమ్మాయి పెట్టిన చారులో వేసింది.

కాకినాడ వచ్చిన రెండో రోజు మా పాత స్టోర్‌కీపరు ఇల్లెక్కడో కనుక్కున్నాను. రామారావుపేటలోనే ఉంటున్నాడు. ఒక ఆవముద్ద సీసా ఆయనకని మా ఆవిడ విడిగా తీసి పెట్టింది. ఆదివారం వెళదామంది.